కోడలి పేరు మీద ఇల్లు

గాయత్రి సంతకం పెట్టనని అనలేదు. పెడతానని కూడా అనలేదు. పొద్దున్నే లేచి, ఎప్పటిలాగే స్టవ్ మీద పాలు పెట్టి, అవి పొంగి మంట ఆరిపోయేదాకా చూస్తూ నిలబడి, అప్పుడు స్టవ్ కట్టేసింది.

బయట జీపు డ్రైవరు రవికుమార్ హారన్ కొడుతూనే ఉన్నాడు.

సత్యకుమారి తలంటుకుని, పెళ్ళిళ్ళకి మాత్రమే తీసే వంగపండు రంగు పట్టుచీర కట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది. కోడలు ఇంకా పాత నైటీలోనే ఉండడం చూసి గతుక్కుమంది.

"ఓలమ్మా, ఇంకా తయారవ్వనేదేటి? ఇల్లు అమ్మే ధర్మ పొద్దున్నే దిగిపోయి ఆఫీసు కాడ కూకున్నాడట. మనం మద్దినేలకి ఎల్తే ఆ రిజిస్ట్రారు బాబు కుర్సీలో ఉంటాడేటి?"

"అత్తమ్మా, మీతో ఒక మాట చెప్పాలి."

"జీపులో సెబుదువు గానీ. బేగి సీర కట్టుకో."

"జీపులో చెప్పేది కాదు."

సత్యకుమారి చేతులు రెండూ నడుం మీదికి వెళ్ళాయి. ఆ చేతులు అలా వెళ్ళాయంటే ఇంట్లో మిగతావాళ్ళు సర్దుకుని కూర్చోవడం అలవాటు. కానీ ఆవేళ కూర్చోవడానికి చోటేదీ? క్వార్టర్సంతా మూటలే. ఆమె భర్త గణపతిరావు రైల్వే స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా రిటైరయ్యి, ఉండనిచ్చిన గడువు కూడా అయిపోయి, శనివారానికల్లా తాళం అప్పజెప్పాలి. కొత్తగా రాబోయే వాళ్ళ ఆవిడ అప్పుడే వచ్చి కిటికీలకు పరదాలు ఎంత పడతాయో కొలుచుకుపోయింది కూడాను. ఆ కొలతలు చూసినప్పటి నుంచీ సత్యకుమారికి అన్నం సయించడం లేదు.

కొండ మీద ఇల్లు గణపతిరావు పేరున కొనడానికి లేదు. ఏజెన్సీలో భూమి గిరిజనులు గిరిజనులకే అమ్మాలి, కింది నుంచి వచ్చినవాళ్ళ పేరున చెల్లదని చట్టం. ఆ ఇంట్లో గిరిజనురాలు ఎవరంటే, కొడుకు ప్రేమించి పెళ్ళిచేసుకొచ్చిన గాయత్రి ఒక్కతే. పాచిపెంట వైపు గదబల పిల్ల, ఆశ్రమ పాఠశాలలో టీచరు. పెళ్ళయిన కొత్తలో మీ కోడలిది ఏ కులం అని చుట్టాలు అడిగితే "టీచరండీ" అని మాట తప్పించిన సత్యకుమారే, ఇప్పుడు కోడలి కులం సర్టిఫికెట్‌కి నాలుగు మూలలా పసుపు రాసి ఫైల్లో అన్నిటికంటే పైన పెట్టింది.

"ఏటి ఆలీసెం?" అంటూ కొడుకు ప్రసాద్ లోపలికి వచ్చాడు. దుర్గాప్రసాద్ అని పెట్టిన పేరు. స్టేషన్ రోడ్డులో సెల్‌ఫోన్ల దుకాణం, దాంట్లో ఒక కంప్యూటరు. "గాయత్రీ, నిన్నటిదాకా బాగానే ఉన్నావు కదా. ఒంట్లో బాగులేదా?"

"ఒళ్ళు బాగానే ఉంది. ఆ ఇల్లే బాగులేదు."

"ఇంటికేమయింది? పెంకు కొత్తది. నుయ్యి ఉంది. కరెంటు ఉంది."

"ఆ స్థలం ధర్మది కాదు."

ప్రసాద్ నవ్వాడు. తనకు బాగా తెలిసిన విషయంలో ఎదుటివాళ్ళు తప్పు చెప్పినప్పుడు మగవాళ్ళు నవ్వే నవ్వు. "నేను చూడకుండా కొంటున్నాననుకున్నావా? రిజిస్ట్రేషన్ వాళ్ళ సైట్లో సర్వే నంబరు కొట్టి ఈసీ తీశాను. ముప్పై ఏళ్ళకి తీశాను. ఆ స్థలం మీద అమ్మకం లేదు, తాకట్టు లేదు, గొడవ లేదు. నిల్ అని వచ్చింది. పట్టా చూస్తే ధర్మ వాళ్ళ నాన్నది, ఆయన తర్వాత ధర్మది. అంత శుభ్రమైన రికార్డు వైజాగులో కూడా దొరకదు."

నిజమే, పాపం, ప్రసాద్ కష్టపడ్డాడు. ఫోను లైను మీద వచ్చే ఆ నెట్టు కొండ మీద వానపడితే పోతుంది, మబ్బుపడితే పోతుంది. దుకాణం మూసుకుని పేజీ తెరుచుకునేదాకా ఓపిగ్గా కూర్చుని, నిల్ అని రాగానే ప్రింటు తీసి పరుగున తెచ్చి తల్లికి చూపించాడు. సత్యకుమారి ఆ కాగితాన్ని దేవుడి పటం ముందు పెట్టింది.

"ప్రసాద్, మా నాన్న పొలం సర్వే నంబరు చెబుతాను, కొట్టి చూడు," అంది గాయత్రి.

"ఇప్పుడెందుకు?"

"మా ముత్తాత నాటి నుంచీ చోళ్ళు పండిస్తున్నాం అందులో. దానికీ నిల్ అనే వస్తుంది. ఈ కొండల మీద ఎవరి నంబరు కొట్టినా అదే వస్తుంది. ఎవరు రిజిస్టరు చేయించారు గనక? మావాళ్ళు ఆ ఆఫీసు గుమ్మం ఎప్పుడైనా తొక్కారా? అమ్మకం జరగలేదని కాదు, అన్యాయం జరగలేదనీ కాదు. ఏది జరిగినా అక్కడ రాయలేదంతే."

ప్రసాద్ నవ్వు ఆగింది.

"ఇంతకీ ఎవరు సెప్పారే నీకు ధర్మది కాదనీసి?" అంది సత్యకుమారి.

గాయత్రి స్టవ్ వైపు తిరిగింది. పొంగిన పాలు తుడవడానికి గుడ్డ తీసుకుంది గానీ తుడవలేదు.

"మొన్న ఆదివారం ఆ ఇంటి పెరట్లో నూతి పక్కన బండ మీద మీరు పరదాలు ఉతికారు కదా అత్తమ్మా. అది బండ కాదు."

"మరేటి?"

"మనిషి."

సత్యకుమారి గుమ్మాన్ని పట్టుకుంది.

బేరం కుదిరి, బయానా ఇచ్చి, కాగితాలు రాయించిన తర్వాత, ఆ ఆదివారమే మొదటిసారి గాయత్రిని ఆ ఇంటికి తీసుకెళ్ళారు. అదీ పరదాలు పట్టుకురావడానికి చేతులు చాలక. ఆమె పేరు కావలసి వచ్చింది గానీ ఆమె కళ్ళు ఎవరికీ కావలసి రాలేదు. ముందే తీసుకెళ్ళి ఉంటే పెరట్లో ఒక్క అడుగు వేసి చెప్పేసేది. ఇన్ని ప్రింట్లు తీసిన పెద్దమనుషులకి ఆ ఆలోచన తట్టలేదు. ఇంత అమాయకత్వం కింది నుంచి వచ్చినవాళ్ళకే సాధ్యం.

"మావాళ్ళలో ఎవరైనా పోతే వాళ్ళ పేరున రాయి నిలబెడతాం," గాయత్రి గొంతు తగ్గించి చెప్పింది. "ఊరంతటికీ కూడు పెట్టి, డప్పు కొట్టి నిలబెడతాం. అక్కడ నిలబెట్టిన దాన్ని ఎవరో పడదోసి నూతి పక్కకి జరిపారు. దాని వెనక ఇంకో రెండు ఉన్నాయి. తులసికోటకి పనికొస్తాయన్నారే మీరు, అవి. ధర్మ వాళ్ళ తెగలో రాళ్ళు పెట్టరు. రాళ్ళున్న చోటు ఆ ఇంటివాళ్ళదే. ఇంకొకళ్ళు అక్కడ పొయ్యి రాజేయరు."

"ఎవులిదైతే?"

"సోములమ్మ అని ఒకావిడది. నిన్న బడి అయ్యాక వెళ్ళి వాడలో అడిగాను. ఆవిడా, మొగుడు బుధూ ఇటుకల పనికి వలస వెళ్ళినప్పుడు సర్వే వాళ్ళు వచ్చారట. పొలంలో ఎవరు నిలబడి ఉంటే వాళ్ళ పేరు రాశారు. నిలబడింది ధర్మ వాళ్ళ నాన్న, ఊరిపెద్ద. తిరిగొచ్చి అడిగితే నీకు రాసిస్తాలే, నీకు రాసిస్తాలే అన్నాడట. ఆయన పోయాడు. బుధు పోయాడు. ధర్మ ఇల్లు కట్టి ఉద్యోగస్తులకి అద్దెకిచ్చాడు. ఆవిడ వెనక గట్టు మీద గుడిసెలో ఉంటోంది."

"కోర్టుకి వెళ్ళిందా?" అన్నాడు ప్రసాద్.

"లేదు."

"కాగితం ఏమైనా ఉందా?"

"లేదన్నాను కదా."

"మరి మనమేం చెయ్యాలంటావు? శనివారం దాటితే సామాన్లు రోడ్డు మీద పెడతారు. ఇంకో ఇల్లు లేదు, గాయత్రీ. ఉన్నా శనివారంలోగా అమ్మేవాడు లేడు."

జవాబే ఉంటే గాయత్రి పాలు పొంగనిచ్చేది కాదు.

తల్లి ఒంటికాలి మీద లేస్తుందని ప్రసాద్ భయపడ్డాడు. సత్యకుమారి కోడలి వైపు కాకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ అంది.

"ఆ రాయి ఎత్తి ఇంకో కాడ ఎట్టుకోవొచ్చా?"

"అలా పెట్టరు అత్తమ్మా."

"ఎట్టరు, సరే. ఎత్తితే లేత్తదా, లేవదా?"

"...లేస్తుంది."

"మరి నా బానుని నాను ఎత్తుకెల్లగలనా?"

ఆ పేరు ఆ ఇంట్లో ఎవరూ పలికి ఎన్నేళ్ళయిందో. ప్రసాద్ చెల్లెలు భాను. ఆ ఏడు జ్వరాలు కొండంతా ఊడ్చేసినప్పుడు, కిందికి తీసుకెళ్ళే బండి దొరికేలోపే తల్లి ఒళ్ళో పోయింది. స్టేషన్ అవతల ఏటవాలులో, సిల్వర్ ఓక్ చెట్ల కింద పాతిపెట్టారు. గాయత్రికి ఆ పిల్ల సంగతి ప్రసాద్ చెప్పగా తెలుసు. అత్తగారి నోట వినడం ఇదే మొదలు.

"కిందికి పోదుం రావే, విజయనగరంలో ఒక గది అద్దెకి తీసుకుందుం అని మీ మావ ఎన్నిసార్లు అన్నారో. నాను పోనన్నాను. ఏల పోను? ఆ ఇంటి వరండాలో కూకుంటే ఆ సెట్లు కనిపిత్తాయి. నాకు ఇంకేటీ అక్కర్నేదు. పెంకా, రేకా నాను సూడనేదు. ఆ సెట్లు కనిపిత్తాయా నేదా, అదొక్కటే సూసినాను. సచ్చిపోయినోల్లు మీకే ఉన్నారా, మాకు నేరా?"

గణపతిరావు అప్పటిదాకా వసారాలో ట్రంకుపెట్టె మీద కూర్చుని అన్నీ వింటున్నాడు. లేచి చెప్పులు వేసుకుని, గేటు దాకా వెళ్ళి అక్కడే నిలబడ్డాడు.

గాయత్రికి ఏడుపొచ్చింది. అత్తగారి మీద కోపం తెచ్చుకుందామని ఆదివారం నుంచీ కూడబెట్టుకున్నదంతా ఆ ఒక్క మాటతో చెదిరిపోయింది. ఎవరి పక్షాన నిలబడినా ఒక చావుని తొక్కుకునే నిలబడాలి. అలాంటి చోట ఎవరు నిలబడగలరు?

* * *

"ఇదేనా బాబూ, టీచరుగుంట ఇల్లు?"

గేటు దగ్గర గణపతిరావుని ఎవరో అడుగుతున్నారు. పొట్టిగా, వంగిపోయి, మోకాళ్ళ మీదికి కట్టిన చీరతో ఒక ముసలావిడ. చేతిలో ఆకుల్లో చుట్టిన చిన్న మూట. ఆవిణ్ణి చూడగానే గాయత్రి పోల్చుకుంది. నిన్న గట్టు మీద గుడిసె ముందు కూర్చుని సామలు చెరుగుతుంటే దూరం నుంచి చూసి, పలకరించే ధైర్యం లేక వచ్చేసింది.

"సోములమ్మ," అంది మెల్లిగా.

సత్యకుమారి కొంగు సర్దుకుని బయటికి వచ్చింది. ఆవిడ దెబ్బలాటకే వచ్చిందనుకుంది. దెబ్బలాటైతే ఆమెకి కొత్తేం కాదు. కానీ ముసలావిడ మెట్టు మీద చతికిలబడి, నిబ్బరంగా అందరి మొహాలూ చూసి, గాయత్రి దగ్గర ఆగింది.

"నువ్వేనా కొంటన్న గుంట?"

గాయత్రి తలూపింది.

"ఏ ఊరు మీది?"

"పాచిపెంట అవతల."

"అవును, మనోల మొగమే." సోములమ్మ మూట ముందుకు జరిపింది. "పనసతొనలు. తిను. ధర్మ సెప్పినాడు, మీ గుంటే కొంటంది ముసిలీ అని. ఏడిసినాను."

"అవ్వా, నేను..."

"సంతోసంగా ఏడిసినాను. కారుల మీద వచ్చినోలు ఉన్నారు గదా, ఆలు ఎవుడో కొండోడి పేరు మీద అడిగినారు ముందు. వచ్చిపోయేటోలకి ఓటల్లు కడతారట. మిసను ఎట్టి అంతా సదును సేత్తామన్నారు. మూడు రాత్తిర్లు నిద్ర నేదు నాకు. ఇంతలో ఎవులో నిన్ను పంపినట్టు నువ్వు వచ్చినావు."

ప్రసాద్ తల్లి వైపు చూశాడు. సత్యకుమారి లోపలికి వెళ్ళి టీ తెచ్చింది. దుకాణంలోంచి తెచ్చిపెట్టుకున్న ప్లాస్టిక్ కప్పులో పోసి తెచ్చింది. అలమరలో ఆరు స్టీలు గ్లాసులున్నాయి. అవి ఇంకా మూట కట్టలేదని గాయత్రికి తెలుసు.

సోములమ్మ కప్పుని రెండు చేతులా పట్టుకుని ఊదుకుంటూ తాగింది.

"ఇల్లు నాకు అక్కర్నేదు గుంటా. ఎంత కాలమని ఉంటాను? నా గుడిసె నాకుంది. ఒక్కటే అడగడానికి వచ్చినాను. బుధు ఉన్నాడక్కడ. ఆడి అమ్మా, అయ్యా ఉన్నారు. ఏడాదికొక పాలి కొత్త సామల కూడు అంత ఆకులో ఎట్టి పిలిత్తాను. ఆలు తింటారు. నాను పోనాక ఎవులెడతారు? పిల్లలు నేరు నాకు. నువ్వు ఎడతావా?"

రోడ్డు మీద జీపు హారన్ ఆగింది.

ఇల్లు కాజేసినందుకు తిట్టడానికి వస్తే గాయత్రి కాళ్ళు పట్టుకునేది. ఆవిడ దీవించడానికి వచ్చింది. పెరడంతా సిమెంటు చేయించడానికి ప్రసాద్ మేస్త్రీతో మాట్లాడేసిన సంగతి ఆవిడకి తెలియదు. ఈ ఇంటి యజమాని పేరు ఒకరిదీ పెత్తనం ఇంకొకరిదీ అని కూడా తెలియదు. మనోల గుంట కొంటోంది, అంతే తెలుసు.

"ఎడతాను, అవ్వా," అంది గాయత్రి.

"ఆడిని నిలబెడతావా? పడిపోయి ఉన్నాడు."

"నిలబెడతాను."

ముసలావిడ లేచి, ఆమె తల మీద చెయ్యి వేసి, నుదురు తడిమి వెళ్ళిపోయింది. గేటు దాటుతుండగా గణపతిరావు పక్కకి తప్పుకుని దారి ఇచ్చాడు. రైల్వేలో పెద్ద ఆఫీసర్లు వచ్చినప్పుడు తప్పుకున్నట్టే తప్పుకున్నాడు.

గాయత్రి గదిలోకి వెళ్ళి చీర కట్టుకుంది. ఆమె తలుపు వేసుకోగానే సత్యకుమారి కొడుకుని పెరటివైపు పిలిచి ఏదో చెప్పింది. ప్రసాద్ "ఇప్పుడు కాదమ్మా" అనడం, ఆమె "ఇప్పుడే" అనడం మాత్రం గణపతిరావుకి వినిపించాయి.

* * *

అనంతగిరి దగ్గర టీ తాగుదామని రవికుమార్ జీపు ఆపాడు. కాఫీ తోటల మీద మంచు ఇంకా విడలేదు. సత్యకుమారీ, గణపతిరావూ జీపులోనే ఉండిపోయారు. ప్రసాద్ గాయత్రిని కొంచెం దూరం తీసుకెళ్ళాడు. టీ గ్లాసు చేతిలో పెట్టి, తన గ్లాసు వైపే చూస్తూ నిలబడ్డాడు.

"చెప్పు," అంది గాయత్రి. పెళ్ళాడి ఐదేళ్ళయింది. అతను నేల చూస్తే ఏదో ఉందని ఆమెకు తెలుసు.

"ఇంకో సంతకం ఉంది."

"ఎక్కడ?"

"రిజిస్ట్రారు దగ్గర కాదు. బయట. ఉత్త స్టాంపు కాగితం మీద."

"ఏమని?"

"ఇల్లు అమ్మా నాన్నలదేనని. నీకు హక్కు లేదని. అడిగినప్పుడు ఖాళీ చేస్తానని." గబగబా చెప్పేశాడు. "కొండ మీద మనలాగా కొన్నవాళ్ళందరూ రాయించుకుంటారు గాయత్రీ. నీమీద అనుమానం కాదు. పద్ధతి."

"పద్ధతి."

"రేపు మనిద్దరికీ ఏదైనా వచ్చిందనుకో, వాళ్ళు ఈ వయసులో ఎక్కడికి పోతారు? వాళ్ళకి భయం."

"ఆ కాగితం ఏ కోర్టులోనూ చెల్లదు. తెలుసా నీకు?"

"తెలుసు. అయినా ఉంటే అమ్మకి ధైర్యం."

"చెల్లని కాగితాన్ని నమ్ముతారు. నన్ను నమ్మరు."

ప్రసాద్ గ్లాసుని చేతిలో తిప్పాడు.

"సాక్షి ఎవరు?"

టీ చల్లారిపోయింది. జీపులోంచి గణపతిరావు దగ్గు వినిపించింది.

"ప్రసాద్, నిన్నే. సాక్షి సంతకం ఎవరిది?"

"నాదే."

"పెట్టేశావా?"

"బయానా ఇచ్చిన రోజునే."

గాయత్రి అతని మొహంలోకి చూసింది. డిగ్రీ కాలేజీలో, మీ అమ్మ ఒప్పుకోదు వెళ్ళిపో ప్రసాద్ అని తను ఎన్నిసార్లు తరిమినా, బస్టాండులో వానలో నిలబడ్డ పిల్లవాడి మొహమే అది. ఏమీ మారలేదు. అందుకే ఎక్కువ బాధ వేసింది.

"నాకు చెప్పకుండా?"

"చెబుదామనే అనుకున్నాను. సమయం చూసుకుని..."

"నన్ను ఇల్లు చూడడానికి తీసుకెళ్ళకుండా సంతకానికి తీసుకెళ్ళారు. ఇది చెప్పకుండా ఇంకో సంతకానికి తీసుకెళుతున్నారు. నాలో చెయ్యి తప్ప ఇంకేమీ కనిపించదా నీకు?"

జీపు ఘాట్ రోడ్డు మలుపులన్నీ తిరిగి మైదానంలోకి దిగింది. సత్యకుమారి ఒడిలో ఫైలు పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ ఆనించి కూర్చుంది.

* * *

ధర్మ తెల్లచొక్కా వేసుకుని ఆఫీసు అరుగు మీద ఎదురుచూస్తున్నాడు. గాయత్రిని చూసి అక్క వరస కలుపుతూ లేచి నిలబడ్డాడు. "రా అప్పా, రా. నువ్వు ఉండబట్టి గానీ లేపోతే ఈ ఇల్లు ఈళ్ళకి దక్కుతాదా?" అన్నాడు. మంచి మాటే అన్నాననుకున్నాడు. గాయత్రి అతని వైపు చూసి, సోములమ్మ పేరు ఎత్తబోయి, ఊరుకుంది. ఎత్తితే అతను అమ్మకం మానేస్తాడు. మానేస్తే రేపు కారుల వాళ్ళకి ఇస్తాడు. ఆ తర్వాత బుధూ ఉండడు, రాయీ ఉండదు.

లోపల గుమాస్తా ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, కెమెరా వైపు చూడమన్నాడు. వేలికి సిరా రాసి ముద్ర తీసుకున్నాడు.

"కొనేది మీరేనా అమ్మా?"

"నేనే."

"మీ సొంతానికేనా?"

రోజూ ఎందరినో అడిగే ప్రశ్న. అతను తలెత్తి కూడా చూడలేదు. గోడవారన బల్ల మీద కూర్చున్న ముగ్గురూ మాత్రం గాయత్రి వైపే చూశారు.

"అవునండీ. నా సొంతానికే," అని గాయత్రి సంతకం పెట్టింది.

సత్యకుమారి కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంది.

బయటికి రాగానే, చింతచెట్టు నీడలో, ధర్మ, రెండో సాక్షిగా సంతకం పెట్టడానికి తన దగ్గర ఉంచుకున్న స్టాంపు కాగితం చొక్కా లోపలినుంచి తీసి ప్రసాద్‌కి అందించాడు. ప్రసాద్ దాన్ని గాయత్రికి ఇవ్వలేదు. తల్లికి ఇచ్చాడు. సత్యకుమారి పెన్ను తీసింది.

"ఇదొక్కటీ పెట్టీ తల్లీ. అయిపోతాది."

తల్లీ అని కోడల్ని పిలవడం అదే మొదటిసారి. గాయత్రికి తెలియకుండానే చెయ్యి ముందుకు వెళ్ళింది. పెన్ను అందుకుని, వెంటనే తిరిగి అత్తగారి చేతిలోనే పెట్టేసింది.

"పెట్టను అత్తమ్మా."

"ఏటీ?"

"ఇంటి తాళం మీ దగ్గరే ఉంచుకోండి. వరండాలో మీరే కూర్చోండి. మీరూ మావయ్యా ఉన్నంతకాలం అందులో మీరే పెద్దవాళ్ళు. బడిలో పిల్లల మీద ఒట్టు. కానీ అది నాది కాదని రాయమంటే మాత్రం రాయను. నాది కాకపోతే ఆ అవ్వకి నేనిచ్చిన మాట అబద్ధమైపోతుంది. రేపు మీరు రాళ్ళు తీయించేస్తే అడ్డుపడడానికి నేనెవరిని?"

"ముక్కూ మొగం తెలీని ముసల్దానికి మాటిచ్చేసినావు. ఇన్నేల్లు ఒక కప్పు కింద ఉన్నాం. నాకు ఏం మాటిచ్చినావే నువ్వు?"

"మీరు ఎప్పుడైనా అడిగారా?"

పక్కన దస్తావేజు లేఖరుల బల్లల దగ్గర గోల. ఎవరో నవ్వుతున్నారు. ఎవరో సాక్షి కోసం కేకేస్తున్నారు.

సత్యకుమారి తిడుతుందనే అందరూ అనుకున్నారు. తిట్టలేదు.

"అడగనేదు," అంది. "నిజిమే. నిన్ను నానేటీ అడగనేదు."

గాయత్రి "అత్తమ్మా" అంటూ ఆమె చెయ్యి పట్టుకోబోయింది. సత్యకుమారి చెయ్యి వెనక్కి తీసుకుని, నడుముకి దోపుకున్న కొత్త ఇంటి తాళంచెవి లాగి, కోడలి అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"నీ ఇల్లు నువ్వుంచుకో. నాను ముప్పై ఏళ్ళు రైల్వే వోల దయ మీద ఉన్నాను, ఇప్పుడు నీ దయ మీద ఉండలేను. ఆ గడప నాను తొక్కను."

"అమ్మా, శనివారం..." అన్నాడు ప్రసాద్.

"నువ్వు మాటాడకు."

"సత్యా," అన్నాడు గణపతిరావు. పొద్దుటి నుంచీ ఆయన నోరు విప్పడం అదే. "మరి ఆ సెట్లు?"

ఆమె మొగుడి వైపు చూసింది. మొహం మీద కొంగు కప్పుకుని గిరుక్కున తిరిగి జీపు ఎక్కింది. ఫైలు చింతచెట్టు కింద బల్ల మీదే ఉండిపోతే గణపతిరావు వెనక్కి వెళ్ళి తెచ్చాడు.

తిరిగి కొండెక్కేసరికి సాయంత్రం అవుతోంది. స్టేషన్ దగ్గర రోడ్డు రెండుగా చీలే చోట రవికుమార్ జీపు నెమ్మది చేశాడు. పొద్దున్న వచ్చేటప్పుడు రిజిస్ట్రేషన్ అవగానే మిఠాయి పెట్టిస్తామన్న మాట అతనికి గుర్తుంది. వెనక్కి తిరిగి, హుషారుగా అడిగాడు.

"ఎటు పోనిమ్మంటారు సార్? కోటర్సుకా, కొత్తింటికా?"

గణపతిరావు భార్య వైపు చూశాడు. ప్రసాద్ గాయత్రి వైపు చూశాడు. గాయత్రి పిడికిలి మూసే ఉంది. కొంగు చాటున సత్యకుమారి భుజాలు కదులుతున్నాయి.

కాసేపు చూసి, రవికుమార్ ఇంజను ఆపేశాడు.